ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్: ఈ చెక్ రాక్ బ్యాండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ బ్యాండ్ పేరెత్తితే చాలు, అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ఒక మాట ముందే చెప్తా. చాలామంది వీళ్ళ కథని "కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని కూల్చిన బ్యాండ్" అని మొదలుపెడతారు, నాకైతే ఆ హడావుడి కంటే వీళ్ళు ఇరవై ఏళ్ళపాటు ఎక్కడెక్కడ దాక్కుని వాయించారన్నదే అసలు కథ అనిపిస్తుంది. కాబట్టి ఏ ప్రశ్న అడిగినా జవాబు తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, ఏమనుకోకండి.

అసలు ఎవరు వీళ్ళు? ఎప్పుడు మొదలైంది?

1968, ప్రాగ్. ఆ ఏడాది మొదట్లో సంస్కరణలు కోరే దుబ్చెక్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా వచ్చాక చెకోస్లొవాకియాలో కాస్త గాలాడింది, సెన్సార్ తగ్గింది, కుర్రాళ్ళు జుట్టు పెంచారు, ఎక్కడ చూసినా గిటార్లే. ఆగస్టు 20 రాత్రి సోవియట్ నాయకత్వంలో వార్సా ఒప్పందం సేనలు ట్యాంకులతో దిగిపోయాయి, తెల్లారేసరికి అంతా మారిపోయింది. సరిగ్గా ఆ తర్వాత కొన్ని వారాలకే బ్రెవ్నోవ్ అనే పేటలో కొందరు కుర్రాళ్ళు ఈ బ్యాండ్ పెట్టారు. ముందుండి నడిపింది మిలాన్ హ్లావ్సా, బాస్ గిటార్ వాయించేవాడు, అప్పటికి వయసు 17. నేర్చుకున్న పని మాంసం కొట్టడం. ట్యాంకులొచ్చాయి కాబట్టి నిరసనగా బ్యాండ్ పెట్టారని కొందరు రాస్తారు గానీ అదేం లేదు, పదిహేడేళ్ళ కుర్రాడికి బ్యాండ్ పెట్టాలనిపించింది, పెట్టాడు, అంతే.

పేరేంటి ఇంత పొడుగ్గా, అదీ ఇంగ్లీషులో?

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా పాట ఒకటుంది "ప్లాస్టిక్ పీపుల్" అని, 1967లో వచ్చింది. అక్కడి నుంచి తీసుకున్నారు. జప్పా, వెల్వెట్ అండర్‌గ్రౌండ్, ద ఫగ్స్, కెప్టెన్ బీఫ్‌హార్ట్, వీళ్ళకి దేవుళ్ళంటే వాళ్ళే. బీటిల్స్ లాంటి తియ్యటి పాటలు ఇక్కడ వెతక్కండి.

మాగోర్ అంటే ఎవరు? బ్యాండ్‌లో ఏం వాయించేవాడు?

ఏమీ వాయించడు. అసలు పేరు ఇవాన్ మార్టిన్ యిరోస్, 1944లో పుట్టాడు, చదివింది కళల చరిత్ర. "పిచ్చోడు" అనే అర్థంలో ఆ ముద్దు పేరు పెట్టారు, అదే ఖాయమైపోయింది. వీళ్ళకంటే ముందు ప్రిమిటివ్స్ గ్రూప్ అని ఇంకో బ్యాండ్ ఉండేది, రంగులు, మంటలు, నీళ్ళు, స్టేజీ మీద నానా గోల, దానికి ఈయన ఆర్ట్ డైరెక్టర్ లాంటివాడు. అది పోయాక ఇటొచ్చాడు, ఆ బ్యాండ్‌లోని యోసెఫ్ యానీచెక్ కూడా వచ్చాడు. తర్వాత వయోలా వాయించే యిర్జీ కాబెష్, 1972లో శాక్సఫోన్‌తో వ్రాటిస్లావ్ బ్రాబెనెట్స్. మనం ఇప్పుడు వినే బ్యాండ్‌కి రూపం వచ్చింది ఈ మనుషులతోనే.

మాగోర్ నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు. 1973లో ఒక పబ్‌లో రిటైరైన రహస్య పోలీసు ఆఫీసర్‌తో గొడవపడి, పార్టీ పేపర్ "రూదే ప్రావో"ని చింపి తినేశాడు, నిజంగానే నమిలి మింగాడు, జైలుకెళ్ళాడు. మొత్తమ్మీద జీవితంలో ఎనిమిదేళ్ళ పైనే జైల్లో గడిపాడు ఆయన.

"లైసెన్స్ పోయింది" అని అందరూ రాస్తారు. రాక్ బ్యాండ్‌కి లైసెన్స్ ఏంటి?

ఇది అర్థమైతే మిగతా కథంతా అర్థమవుతుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. అక్కడ డబ్బులు తీసుకుని వాయించాలంటే నీ దగ్గర కళాకారుడి హోదా ఉండాలి, అది ప్రభుత్వ కమిటీ ముందు వాయించి పాసైతేనే ఇస్తారు. హోదా ఉంటే ప్రభుత్వ ఏజెన్సీనే నీకు ప్రోగ్రాములు బుక్ చేస్తుంది, రిహార్సల్‌కి గది ఇస్తుంది, గిటార్లు, యాంప్లిఫయర్లు కూడా దాని పేరు మీదే ఉంటాయి. పోనీ డబ్బులొద్దు, సరదాకి వాయించుకుంటాం అన్నా కుదరదు, ఎమెచ్యూర్లకి కూడా ఏదో ఒక సంస్థ స్పాన్సర్‌గా ఉండాలి, వాళ్ళకీ పరీక్ష ఉంటుంది. అంటే నలుగురు ఒక హాల్లో కూర్చుని నీ పాట వినాలంటే ముందు ఎవరో ఒక ఆఫీసులో ముద్ర పడాలన్నమాట.

ట్యాంకులొచ్చాక "నార్మలైజేషన్" అని ఒక పేరు పెట్టి అన్నిటినీ దారికి తేవడం మొదలెట్టారు, బ్యాండ్ల లెక్క కూడా అప్పుడే తేల్చారు. జుట్టు కత్తిరించు, ఇంగ్లీషు పేరు మార్చు, పాటల లిస్టు మార్చు. చాలా బ్యాండ్లు మార్చుకున్నాయి, వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, పొట్టకూటి వ్యవహారం అది. వీళ్ళు మార్చలేదు. 1970లో హోదా పోయింది, దాంతోపాటే ఏజెన్సీ తన సామాన్లన్నీ వెనక్కి పట్టుకెళ్ళిపోయింది.

1973లో మళ్ళీ ట్రై చేశారు, ఈసారి ఎమెచ్యూర్లుగా. విచిత్రం, పాసయ్యారు! కొన్నాళ్ళకే ఆ పర్మిషన్ కూడా రద్దు. కారణం ఏం చెప్పారంటే సంగీతం మరీ శోకంగా, రోగిష్టిగా ఉందట, సమాజం మీద చెడు ప్రభావం పడుతుందట.

సామాన్లు తీసేసుకుంటే మరి ఎలా వాయించారు?

యానీచెక్ చేతిపని తెలిసినవాడు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి, ఆ పార్ట్‌లతో యాంప్లిఫయర్లు కట్టాడు. ఆ రికార్డింగులు వింటే వినబడే గరగర, మొరటుదనం చాలావరకు ఆ సామాన్లదే. ఇప్పుడు కొంతమంది ఆ సౌండ్ కోసం ఖరీదైన పెడల్స్ కొనుక్కుంటారు, నవ్వొస్తుంది.

అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ మీద లెక్చర్ అని చెప్పి కచేరీ చేశారట, నిజమేనా లేక కట్టుకథా?

నిజమే, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ముక్క ఇదే. బ్యాండ్‌కి వాయించే హక్కు లేదు, కానీ మాగోర్ కళల చరిత్ర చదివినవాడు, కళాకారుల యూనియన్‌లో మెంబరు, ఆయనకి లెక్చర్ ఇచ్చే హక్కు ఉంది. కాబట్టి ప్రాగ్‌లో ఒక హాలు లెక్చర్ కోసం బుక్ చేస్తాడు, టాపిక్ ఆండీ వార్హోల్. జనం వచ్చి కూర్చుంటారు, ఈయన కాసేపు స్లైడ్లు చూపిస్తాడు, ఇదిగో ఈ పెయింటింగ్, ఇదిగో ఆ సూప్ డబ్బా, ఆ తర్వాత "వార్హోల్‌కి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండ్‌తో సంబంధం ఉండేది, వాళ్ళ పాటలు ఎలా ఉండేవో ఇప్పుడు ఉదాహరణగా చూద్దాం" అంటాడు. ఇక ఉదాహరణ మొదలవుతుంది, అది రెండు గంటలు నడుస్తుంది. రూల్ ప్రకారం చూస్తే ఎక్కడా తప్పు లేదు, లెక్చర్ లెక్చరే.

మొదట్లో ఇంగ్లీషులో పాడేవాళ్ళు కదా, చెక్‌లోకి ఎందుకు మారారు?

పాల్ విల్సన్ అని కెనడా నుంచి వచ్చిన కుర్రాడు ప్రాగ్‌లో ఇంగ్లీషు చెప్పుకుంటూ ఉండేవాడు. 1970 నుంచి 1972 దాకా ఈయనే పాడాడు, మిగతావాళ్ళకి ఇంగ్లీషు పాటల మాటలు నేర్పింది కూడా ఈయనే. ఈయన తప్పుకున్నాక ఎలాగూ సొంత పాటలు కావాల్సొచ్చింది, బ్రాబెనెట్స్ కూడా అటువైపే నెట్టాడు, అప్పుడు పట్టుకున్నారు ఎగోన్ బోండీ కవితల్ని. (విల్సన్‌ని 1977లో దేశం నుంచి గెంటేశారు. టొరంటో వెళ్ళి ఒక చిన్న రికార్డు కంపెనీ పెట్టి వీళ్ళ ఆల్బమ్‌లు బయటికి తెచ్చాడు, నాటక రచయిత హావెల్ (ఆయన సంగతి కింద వస్తుంది) రచనల్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. వీళ్ళ గురించి బయటి ప్రపంచానికి ఎంతో కొంత తెలిసిందంటే ఈయన పుణ్యం చాలా ఉంది.)

బోండీ అసలు పేరు జ్బినెక్ ఫిషర్. కవి, ఫిలాసఫర్, మార్క్సిస్టు, కానీ ఉన్న ప్రభుత్వం అంటే పడదు. మనవాళ్ళకి ఇంకో సంగతి ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది, ఈయన బుద్ధుడి మీద ఒక పుస్తకం రాశాడు, భారతీయ తత్వశాస్త్రం మీద ఇంకోటి రాశాడు. ఇంకో చేదు సంగతి కూడా దాచకుండా చెప్పాలి, రహస్య పోలీసులకి సమాచారం ఇచ్చాడని తర్వాత ఫైళ్ళు బయటపడ్డాక తేలింది. పాటలు మాత్రం ఆయనవే, ఇప్పుడు వాటిని ఏం చేస్తాం.

పాటల్లో ప్రభుత్వాన్ని బాగా తిట్టేవాళ్ళా?

లేదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మలబద్ధకం మీద పాట ఉంది. బీరు తాగడం మీద, నిద్ర పట్టకపోవడం మీద, రాత్రిళ్ళ మీద, ఇరవై ఏళ్ళవాడికి జీవితం ఎంత రోతగా ఉందన్నదాని మీద. పార్టీ పేరు లేదు, నాయకుడి పేరు లేదు. అందుకే కోర్టులో రాజకీయ నేరం మోపలేక, బూతు మాటలున్నాయి కాబట్టి రౌడీయిజం అని కేసు పెట్టారు.

1974లో బుడేయోవిత్సే దగ్గర ఏం జరిగింది?

మార్చి నెల. దేశం దక్షిణాన చెస్కే బుడేయోవిత్సే పక్కన రుడోల్ఫోవ్ అనే ఊళ్ళో ప్రోగ్రాం ఉందని నోటిమాటగా తెలిసి వందలమంది కుర్రాళ్ళు రైళ్ళెక్కి వచ్చారు. బ్యాండ్ వాయించనే లేదు. పోలీసులు కుక్కలతో, లాఠీలతో వచ్చి, రైల్వేస్టేషన్ సొరంగ మార్గంలోకి తోలి రెండు పక్కలా నిలబడి కొట్టారు, తర్వాత రైలెక్కించి ప్రాగ్ పంపేశారు. చాలామందిని కాలేజీల నుంచి, స్కూళ్ళ నుంచి తీసేశారు. పాట వినడానికి వచ్చినందుకు చదువు పోయింది. ఆ రోజు తర్వాత మామూలుగా హాల్లో ప్రోగ్రాం పెట్టే ఆశ వదిలేసుకున్నారు.

పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళని విన్నాను?

అవును. పెళ్ళికి పర్మిషన్ అక్కర్లేదు కదా! ఎవరైనా స్నేహితుడు పెళ్ళి చేసుకుంటుంటే అదే కచేరీ. పెళ్ళివాళ్ళకంటే విందుకొచ్చిన జుట్టుగాళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళు. మొదటిది పెద్దగా జరిగింది 1974 సెప్టెంబర్‌లో పోస్టుపిట్సే అనే ఊళ్ళో, రెండోది 1976 ఫిబ్రవరి 21న బొయనోవిత్సేలో, ఆ రెండోదాంట్లో పెళ్ళికొడుకు స్వయంగా మాగోరే.

పెళ్ళిళ్ళు లేనప్పుడు పల్లెటూళ్ళలో ఎవరిదో ఒక పాత ఇల్లు, ఎవరిదో ఒక కొట్టం. ఎక్కడో చివరి నిమిషం దాకా చెప్పరు. ఫలానా స్టేషన్లో దిగు అంటారు, అక్కడ ఇంకొకరు ఫలానా దారిన పో అంటారు, చలికాలం మంచులో అడవి దాటి నడిచిపోతే దూరంగా ఒక ఇంట్లోంచి చప్పుడు వినబడుతుంది. ఇంతా చేసి వెళ్తే ఒక్కోసారి పోలీసులు ముందే ఉంటారు, వచ్చినదారినే వెనక్కి. మన ఊళ్ళో నాటకం చూడ్డానికి పక్కూరి నుంచి చద్దిమూట కట్టుకుని నడిచొచ్చేవాళ్ళ గురించి పెద్దవాళ్ళు చెప్తుంటారే, అలాంటి ఓపిక, కాకపోతే తిరుగు ప్రయాణంలో ఇంటికెళ్తామో పోలీస్ స్టేషన్‌కెళ్తామో తెలీదు.

రికార్డింగూ అంతే. బోండీ కవితలతో చేసిన మొదటి ఆల్బమ్ హౌస్కా అనే పాత కోటలో రికార్డు చేశారు, టేపుల మీద చేతులు మారింది, 1978లో ఫ్రాన్స్‌లో ఎల్పీగా వచ్చింది.

1976 అరెస్టులు, కేసు?

మాగోర్ పెళ్ళైన నెల తిరక్కుండానే, మార్చిలో, ఇళ్ళ మీద పడ్డారు. బ్యాండ్ మనుషులు, చుట్టుపక్కల పాడేవాళ్ళు, స్నేహితులు, అందర్నీ పట్టుకెళ్ళారు, టేపులు, కెమెరా ఫిల్ములు, కాగితాలు ఏవి దొరికితే అవి ఎత్తుకెళ్ళారు. ఎంతోమందిని పిలిచి విచారించారు. హ్లావ్సా, యానీచెక్ కొన్ని నెలలు లోపలుండి కేసు లేకుండా బయటికొచ్చారు. సెప్టెంబర్‌లో ప్రాగ్ కోర్టులో నలుగురి మీద విచారణ జరిగింది. మాగోర్‌కి 18 నెలలు, డీజీ 307 అనే బ్యాండ్ నడిపే పావెల్ జాయీచెక్‌కి 12, బ్రాబెనెట్స్‌కి 8, స్వాటోప్లుక్ కరాసెక్‌కి 8. ఈ కరాసెక్ పాస్టర్, గిటార్ పట్టుకుని భక్తి పాటలు పాడేవాడు, ఆయన మీద కూడా రౌడీ కేసే.

హావెల్ ఎక్కడ తగిలాడు వీళ్ళకి?

వాత్స్లావ్ హావెల్ అప్పటికే పేరున్న నాటక రచయిత, నాటకాలు దేశంలో బ్యాన్. ఈ జుట్టుగాళ్ళకీ ఆయనకీ పెద్దగా పరిచయం లేదు, ఒకళ్ళ మీద ఒకళ్ళకి అనుమానం కూడా. 1976 మొదట్లో ఒక స్నేహితుడు మాగోర్‌ని కలిపాడు, టేప్ రికార్డర్‌లో పాటలు వినిపించాడు, రాత్రంతా మాట్లాడుకున్నారు. త్వరలో ఒక కచేరీ ఉంది రమ్మన్నారు, ఆయన వస్తానన్నాడు, ఆ కచేరీ కంటే ముందే అరెస్టులు జరిగిపోయాయి.

ఆయనకి ఒక సంగతి వెంటనే తట్టింది. తనలాంటి రచయితని జైల్లో పెడితే అది పాత శత్రువుల మధ్య లెక్క తేల్చుకోవడం, అందరికీ అలవాటే. వీళ్ళకి రాజకీయమే లేదు, తమకి నచ్చినట్టు బతుకుతామన్న కుర్రాళ్ళు. వీళ్ళని వదిలేస్తే రేపు ఎవర్నైనా పట్టుకెళ్ళొచ్చు. దాంతో రచయితలు, ప్రొఫెసర్లు, పాస్టర్లు, పార్టీ నుంచి గెంటేసిన పాత కమ్యూనిస్టులు, ఎన్నడూ ఒక బల్ల దగ్గర కూర్చోనివాళ్ళు కోర్టు వరండాలో పక్కపక్కన నిలబడ్డారు. కవి యారోస్లావ్ సైఫర్ట్, ఫిలాసఫర్ యాన్ పాటోచ్కా లాంటి పెద్దలు సంతకాలు పెట్టారు.

చార్టర్ 77 అనే మానవ హక్కుల పత్రం వీళ్ళ వల్లే వచ్చిందా?

వీళ్ళ వల్లే అంటే ఎక్కువ చెప్పినట్టు, వీళ్ళు లేకుండా అంటే తక్కువ చెప్పినట్టు. 1975లో మానవ హక్కుల్ని గౌరవిస్తామనే మాట కూడా ఉన్న హెల్సింకి ఒప్పందం మీద చెకోస్లొవాకియా సంతకం పెట్టింది, మానవ హక్కుల ఒడంబడికలు 1976లో అక్కడ చట్టం అయ్యాయి, అదే ఏడాది పాటలు పాడినందుకు జైలు. కాబట్టి 1977 జనవరి 1 తేదీతో వచ్చిన ఆ పత్రం ప్రభుత్వాన్ని కూల్చాలనలేదు, నువ్వు సంతకం పెట్టిన కాగితం ప్రకారం నడుచుకో అంది, అంతే. మొదటి సంతకాలు 240 పైచిలుకు. ప్రతినిధులు ముగ్గురు, హావెల్, మాజీ విదేశాంగ మంత్రి యిర్జీ హాయెక్, పాటోచ్కా. పాటోచ్కా అప్పటికి 69 ఏళ్ళ మనిషి, గంటలు గంటలు విచారణ చేశారు, మార్చిలో చనిపోయాడు.

ఆ తర్వాత ఎక్కడ వాయించారు?

హావెల్ పల్లెటూరి ఇంట్లో. హ్రాడెచెక్ అంటారు, ఉత్తరాన ట్రుట్నోవ్ దగ్గర. బైబిల్లోని క్రీస్తు శిలువ కథని బ్రాబెనెట్స్ పాటలుగా రాస్తే 1978 ఏప్రిల్‌లో అక్కడే వాయించారు, రికార్డింగ్ కూడా అక్కడే. బయట పోలీసులు కాపలా, లోపల వయోలా.

1981లో "గుర్రాలని నడిపించడం" అనే అర్థమొచ్చే పేరుతో కొత్త పాటలు ఒక ఇంట్లో వాయించారు, కొన్నాళ్ళకి ఆ ఇల్లు తగలబడిపోయింది. పోలీసులే తగలబెట్టారని బ్యాండ్ చుట్టూ ఉన్నవాళ్ళ మాట. అక్కడితో జనం ముందు వాయించడం ఆగిపోయింది, చోటిచ్చినవాళ్ళ కొంప ఎలా ముంచుతారు? 1982లో బ్రాబెనెట్స్ మీద ఒత్తిడి భరించలేనంతగా పెరిగి కెనడా వెళ్ళిపోయాడు, అక్కడ తోటపని చేసుకుని బతికాడు. మాగోర్ మళ్ళీ జైలు. మిగిలినవాళ్ళు టేపుల కోసమే వాయించారు, ఎదురుగా చప్పట్లు కొట్టేవాడు లేకుండా. ఎనభైల్లో వచ్చిన ఆల్బమ్‌లు అలా పుట్టినవే.

అప్పట్లో చెక్ రాక్ అంటే వీళ్ళొక్కరేనా?

అస్సలు కాదు. ఒలింపిక్ అనే బ్యాండ్ 1962 నుంచి ఉంది, పెట్ర్ యాండా నడిపేది. 1968లో వచ్చిన వాళ్ళ "జెల్వా" చెక్ రాక్‌లో మైలురాయి లాంటి ఆల్బమ్, రేడియోలో వచ్చేవాళ్ళు, టీవీలో వచ్చేవాళ్ళు, పర్మిషన్ ఉన్న బ్యాండ్. మామూలు చెక్ కుటుంబంలో ఎవర్నైనా అడిగితే ఒలింపిక్ పాటలు నోటికొస్తాయి, ప్లాస్టిక్ పీపుల్ పాట ఒక్కటీ రాకపోవచ్చు. ఇది చాలామంది విదేశీ ఫ్యాన్స్‌కి మింగుడుపడదు గానీ వాస్తవం అదే.

1988లో ఎందుకు విడిపోయారు?

పర్మిషన్ వల్ల! ఎనభైల చివర్లో ప్రభుత్వం కాస్త మెత్తబడి, పేరు పూర్తిగా వేయకుండా పొడి అక్షరాలతో "పీపీయూ" అని వేసుకుంటే వాయించుకోవచ్చన్నట్టు చెప్పింది. కొందరు సరే అన్నారు, కొందరు ససేమిరా అన్నారు. లాఠీలకి, జైళ్ళకి విడిపోని బ్యాండ్ మూడక్షరాల దగ్గర విడిపోయింది. హ్లావ్సా, యానీచెక్, కాబెష్ కలిసి పూల్నోట్స్ అని కొత్త బ్యాండ్ పెట్టి 1989లో అమెరికా టూర్ కూడా వెళ్ళొచ్చారు.

ప్రభుత్వం పడిపోయాక?

1989 డిసెంబర్ 29న హావెల్ ప్రెసిడెంట్ అయ్యాడు. తర్వాతి నెలలోనే జప్పా ప్రాగ్ వచ్చాడు, జనం ఎగబడ్డారు. 1990లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ గాయకుడు లూ రీడ్ హావెల్‌ని ఇంటర్వ్యూ చేయడానికొచ్చి, ఒక క్లబ్‌లో పూల్నోట్స్ వాళ్ళు తన పాటలు తనకంటే శ్రద్ధగా వాయిస్తుంటే చూసి తను కూడా స్టేజెక్కాడు. 1997 జనవరిలో చార్టర్‌కి ఇరవై ఏళ్ళైన సందర్భంగా హావెల్ అడిగితే పాత బ్యాండ్ మళ్ళీ కలిసి ప్రాగ్ కోటలో వాయించింది, అంటే రాష్ట్రపతి భవన్‌లో. కెనడా నుంచి బ్రాబెనెట్స్ కూడా వచ్చాడు. 1998 సెప్టెంబర్‌లో హావెల్ కోసం వైట్‌హౌస్‌లో లూ రీడ్ పాడితే పక్కన బాస్ గిటార్ పట్టుకుంది హ్లావ్సా.

హ్లావ్సా పోయాక బ్యాండ్ ఆగిపోలేదా?

2001 జనవరి 5న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు, యాభై కూడా నిండలేదు. ఆగుతారనుకున్నారు, ఆగలేదు. బాస్ ఎవా టుర్నోవా తీసుకుంది, 2004లో ఆ శిలువ పాటల్ని ఆగోన్ ఆర్కెస్ట్రాతో కలిసి పెద్ద స్టేజీ మీద వాయించారు, 2009లో కొత్త పాటలతో ఆల్బమ్ వచ్చింది. మాగోర్ 2011 నవంబర్‌లో, హావెల్ సరిగ్గా తర్వాతి నెలలో పోయారు.

కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలెట్టాలి?

బోండీ కవితల ఆల్బమ్‌తోనే మొదలెట్టండి, "మాగిట్స్కే నోట్సి" అనే పాట ముందు వినండి, బాస్ లైన్ ఒక్కటి చాలు బ్యాండ్ ఏంటో తెలియడానికి. అది ఎక్కితే హ్రాడెచెక్‌లో చేసిన శిలువ పాటలకి వెళ్ళండి, అది ఒక్కో పాటగా వినేది కాదు, మొదట్నుంచి చివరిదాకా కూర్చుని వినాలి, శాక్సఫోన్, వయోలా ఒకదాన్నొకటి పీక్కుంటుంటే మొదటి పది నిమిషాలు తలనొప్పి వస్తుంది, రానివ్వండి. రీమాస్టర్ చేసిన సీడీలు క్లీన్‌గా ఉంటాయి, 1997 లైవ్ రికార్డింగ్ కూడా క్లీన్‌గా ఉంటుంది, నాకు మాత్రం రేడియో ముక్కలతో కట్టిన ఆ యాంప్లిఫయర్ల మోతే ఇష్టం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.